మాత్రల షీట్లతో కుట్టిన పుస్తకం

ఆసుపత్రి కాగితం మీద ఆమె గురించి మూడు వాక్యాలు రాశారు. చదువు లేదు. మాత్రలు లెక్క తప్పి ఎక్కువ మింగింది. ఇకమీదట ఇంటికి మాత్రలు ఇవ్వకూడదు.

రాసినవాడు చిన్న డాక్టరు. మంచం దగ్గర రెండు నిమిషాలు కూడా నిలబడి ఉండడు. జ్వరంతో ఒళ్లు కాలిపోతూ, నోరంతా పుండ్లు పడి నాలుక కదపలేని మనిషిని చూశాడు. ఏం చదువుకుందని పక్కనున్న కోడలిని అడిగాడు. ఏమీ చదువుకోలేదంది. ఇంకేముంది, తక్కిన రెండు వాక్యాలూ ఆ ఒక్క జవాబు నుంచే పుట్టుకొచ్చాయి. ఆ మనిషి ముప్ఫై ఒక్క ఏళ్లుగా లెక్కపెట్టడమే పనిగా బతికిందని అతనికి తెలియదు. తెలుసుకోవాలని అనుకోలేదు కూడా.

మా బైండింగ్ షాపులో ఆమెను అందరూ ఫారాలక్క అనేవాళ్లు. ప్రెస్సు నుంచి అచ్చయిన కాగితాలు వస్తాయి. ఒక్కో పెద్ద కాగితాన్ని మడిస్తే పదహారు పేజీలు. అదొక ఫారం. పదిహేను ఇరవై ఫారాలు వరసగా ఒకదాని మీద ఒకటి పేరిస్తే పుస్తకం. ఆ పేర్చడం ఆమె పని. గోడ పొడుగునా ఉన్న బల్ల మీద ఒకటో ఫారం దొంతర, రెండో ఫారం దొంతర, అలా చివరి దాకా పెట్టుకుని, ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూ ఒక్కొక్కటి తీసుకునేది. రోజంతా అదే నడక. మా ఓనరు ఒకసారి లెక్కేసి, "అక్కా, నువ్వు నడిచింది తిన్నగా పరిస్తే సముద్రం దాటేదానివి" అన్నాడు. "దాటి ఏం చెయ్యను, అక్కడ కూడా బల్లే వేస్తావుగా" అంది ఆమె.

ఆమెకు అక్షరాలు రావు. ఫారం అడుగున చిన్నగా వేసే అంకె మాత్రమే చదివేది. కానీ పుస్తకాన్ని అరచేతిలో పెట్టుకుని ఒక్కసారి ఊపితే ఫారం తక్కువైందో ఎక్కువైందో చెప్పేసేది. ఒకసారి ఫారాలు పేర్చే మెషిన్ అమ్మడానికి కంపెనీ మనిషి వచ్చాడు. వంద పుస్తకాలు గబగబా పేర్చి చూపించాడు. ఫారాలక్క ఒక్కొక్కటీ చేతిలో ఊపి మూడు పక్కన పడేసింది. "ఇందులో తొమ్మిదోది రెండుసార్లు పడింది. ఈ రెంటిలో పన్నెండోది లేదు." విప్పి చూస్తే అంతే. కంపెనీ మనిషి మెషిన్ సర్దుకుంటుంటే ఆమె మంచినీళ్లిచ్చి, "దానికింకా కొత్త కదా బాబూ, నేర్చుకుంటుందిలే" అని ఓదార్చింది.

ప్రతి దొంతర మీదా ఆమె ఒక చీటీ పెట్టేది. చీటీలో మూడు అంకెలు, ఒకదాని కింద ఒకటి. పైన వచ్చినవి. మధ్యలో వాడినవి. కింద మిగిలినవి. కింది రెండూ కలిపితే పైది రావాలి. రాకపోతే ఆ రోజు ఆమె ఇంటికి కదిలేది కాదు.

నేను ఆ షాపులో కటింగ్ మెషిన్ మీద పనిచేసేవాణ్ణి. చదువు మధ్యలో ఆగిపోయిన కోపం లోపల రగులుతూనే ఉండేది. ముద్ర సరిగా పడని ఫారాలను చిత్తులోకి పోనివ్వకుండా ఆమె నా కోసం పక్కన దాచేది. నేను చదివిన పుస్తకాల్లో చాలావాటికి మధ్యలో నాలుగో ఫారమో ఏడో ఫారమో ఉండేది కాదు. ఒక నవలలో మనిషి కోర్టు మెట్లెక్కుతుంటే ఆ పేజీ అయిపోయింది. తర్వాతి పేజీలో జైలు నుంచి తిరిగొస్తున్నాడు. ఏ తప్పు చేశాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఇదే మాట ఆమెతో అంటే, "అంత తిట్టుకుంటూ చదవడం దేనికి? మధ్యలోది నువ్వే అల్లుకో" అని నవ్వేది.

ఆమెకు యాభై రెండో ఏట రొమ్ములో గడ్డ కనబడింది. ఆపరేషన్ చేశారు. నరంలోకి ఎక్కించే మందులు నెలల తరబడి ఎక్కించారు. జుట్టంతా ఊడింది. తలకు గుడ్డ కట్టుకుని షాపుకొచ్చి బల్ల దగ్గర కూర్చునేది. నడవలేకపోయినా పేర్చిన పుస్తకాలు ఊపి చూసేది. ఆ మందులన్నీ అయ్యాక కూడా జబ్బు కణాలు కొన్ని మిగిలాయని తేలింది. వాటి కోసం నోటితో వేసుకునే మాత్రలు రాశారు. పద్నాలుగు రోజులు వేసుకోవాలి, వారం ఆగాలి, మళ్లీ పద్నాలుగు రోజులు. అలా ఎనిమిది విడతలు. పొద్దున తిన్నాక మూడు, రాత్రి తిన్నాక మూడు. మిగిలిన కణాలను తుడిచిపెట్టడానికి ఇంక చేతిలో ఉన్నది ఆ మాత్రలేనని డాక్టర్లు చెప్పారు.

మొదటి విడతకు ఎనభై నాలుగు మాత్రలు ఇచ్చారు. వాటితో ఆమె ఇంకెవరూ చెయ్యని పని ఒకటి చేసింది. మాత్రల షీట్లను కత్తెరతో ముక్కలు కోసింది. దళసరి కాగితాలకు చిన్న చిన్న కిటికీలు చేసి, ఎడమ పక్క మూడు మాత్రలు, కుడి పక్క మూడు మాత్రలు అతికించింది. ఎడమది పొద్దుటికి, కుడిది రాత్రికి. అడుగున అంకె వేసింది. అలా పద్నాలుగు ఫారాలు చేసి, వరసగా పేర్చి, దారంతో కుట్టి, నీలం అట్ట వేసింది. నాకు చూపిస్తే, "దీనికి పేరేం పెడతావక్కా?" అన్నాను. "చదివేవాళ్లు పెట్టుకుంటార్లే. నాకు చివరి పేజీ దాకా వెళ్తే చాలు" అంది.

చివరి పేజీ దాకా వెళ్లలేదు. ఆరో రోజుకు నోట్లో మంట మొదలైంది. అరచేతులు ఎర్రబడి చర్మం లేచిపోయింది. విరేచనాలు ఆగలేదు. మందు పనిచేస్తుంటే ఇలాగే ఉంటుందేమోనని పళ్లబిగువున మింగుతూనే పోయింది. పదో రోజు పొద్దుటి మూడు మాత్రలు వేసుకున్నాక లేవలేకపోయింది. కొడుకు ఎత్తుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. తెల్లకణాలు బాగా పడిపోయాయి, ప్రాణానికి ప్రమాదమేనని చెప్పి వార్డులో చేర్చుకున్నారు.

మూడో రోజు షాపు తరఫున పళ్లు పట్టుకుని నేను వెళ్లాను. వార్డు బయట వరండాలో ఆమె కొడుకు తన పెళ్లాం మీద విరుచుకుపడుతున్నాడు. అతను లారీల బ్రేకులు బాగుచేసే మెకానిక్కు. గొంతు పెద్దది.

"రెండు రోజులు నువ్వేగా ఇచ్చావు మాత్రలు? పొద్దుటివి ఇచ్చి మళ్లీ ఇచ్చావా?"

"లేదండీ. కుడి పక్కవే ఇచ్చాను."

"అంత కచ్చితంగా తెలుసా?"

కోడలు తన చేతుల వైపు చూసుకుంది. ఆ రెండు రోజులూ అత్తగారికి చేతులు పనిచెయ్యక తనే మాత్రలు తీసి ఇచ్చింది. ఇప్పుడు అంతమంది తప్పంటుంటే ఆమెకే తన చేతుల మీద నమ్మకం పోయింది. పుస్తకం మాట ఎత్తితే అందులో ఏం బయటపడుతుందోనని భయపడి, అసలు ఎత్తనే లేదు. ఈ సంగతి తర్వాత ఆమే నాతో చెప్పింది.

లోపలికెళ్లాను. మంచం కాళ్ల దగ్గర వేలాడుతున్న కాగితం చదివాను. ఇంగ్లీషు నాకు మెల్లగా వస్తుంది కానీ ఆ మూడు వాక్యాలు వెంటనే ఎక్కాయి. వాటిని ఆ డాక్టరు మొహం మీద చింపి పారేయాలనిపించింది. ఫారాలక్క నన్ను చూసి చెయ్యి కదిపింది. మాట రాదు. దిండు కింద నుంచి మందుల కవరు ముక్క ఒకటి తీసి ఇచ్చింది. పెన్సిల్‌తో వంకరటింకరగా మూడు అంకెలు రాసి ఉన్నాయి. ఎనభై నాలుగు. దాని కింద యాభై ఏడు. దాని కింద ఇరవై ఏడు.

వెనక నుంచి కొడుకు అన్నాడు. "నిన్నట్నుంచి వచ్చిన ప్రతివాళ్లకీ అదే చూపిస్తోంది. ఏదో ఫోన్ నంబరేమో అనుకున్నాం. మందు మత్తులో రాసిందేమో అంది సిస్టర్."

నాకు మాత్రం అది రోజూ చూసే చీటీ. వచ్చినవి, వాడినవి, మిగిలినవి. తొమ్మిది రోజులకు ఆరేసి చొప్పున యాభై నాలుగు, పదో రోజు పొద్దుట మూడు. మిగిలినవి ఇరవై ఏడు. రెండూ కలిపితే ఎనభై నాలుగు. నోరు మెదిపే స్థితి లేక, చుట్టూ ఉన్నవాళ్లు కోడల్ని తిడుతుంటే వింటూ, ఆమె తన దొంతర మీద చీటీ పెట్టుకుంది.

"అమ్మాయ్, ఆ నీలం పుస్తకం ఎక్కడుంది?" అన్నాను కోడలితో.

"ఇంట్లో, కుట్టుపెట్టెలో. ఎందుకన్నయ్యా?"

"తీసుకురా. ఏం కాదు, తీసుకురా."

ఆమె వెళ్లి వచ్చేదాకా కొడుకు వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. పుస్తకం తెచ్చాక మంచం మీదే విప్పాము. ఒకటో ఫారం, ఆరు ఖాళీ. రెండోది, ఆరు ఖాళీ. కోడలు వేలు పెట్టి లెక్కపెడుతోంది. ఎనిమిదోది, తొమ్మిదోది, తను ఇచ్చిన రోజులు. ఆరేసి ఖాళీ, అంతే. పదో ఫారంలో ఎడమ పక్క ఖాళీ, కుడి పక్క మూడు మాత్రలూ పగలకుండా అలాగే ఉన్నాయి. తర్వాతి నాలుగు ఫారాలు ముట్టుకోలేదు. కోడలు పుస్తకం మూసి మొగుడి వైపు చూసింది. అతను తల గోక్కుని, "నాకేం తెలుసు, డాక్టరంటే నమ్మాను" అని గొణిగాడు. ఫారాలక్క చెయ్యి చాచి కోడలి మోచెయ్యి పట్టుకుంది.

పెద్ద డాక్టరమ్మ వార్డుకి వచ్చేటప్పటికి పన్నెండయింది. నెరిసిన జుట్టు, మెడలో వేలాడే కళ్లద్దాలు. వెనకాల చిన్న డాక్టరు. నేను పుస్తకం చేతికిచ్చాను. నా గొంతు గట్టిగానే ఉండి ఉంటుంది, ఎందుకంటే సిస్టర్ ఉష్ అంది. డాక్టరమ్మ మాత్రం కళ్లద్దాలు పెట్టుకుని, మంచం అంచున కూర్చుని, ఒకటో ఫారం నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. ఎవరూ ఆమెను తొందరపెట్టలేదు. అయిపోయాక ఫారాలక్క వైపు తిరిగి అంది.

"అమ్మా, మీరు ఒక్క మాత్ర కూడా ఎక్కువ వేసుకోలేదు."

ఫారాలక్క కళ్లు మూసుకుంది. ఆ పుండ్ల నోటితోనే చిన్నగా నవ్వింది.

ఆ తర్వాత డాక్టరమ్మ అన్న మాటే అన్నిటినీ మార్చింది. "మాత్రలు సరిగ్గానే పడ్డాయి. అయినా ఒళ్లు ఇంత దెబ్బతింది. అంటే ఈ మందుని విరగ్గొట్టి బయటికి పంపే పని ఈమె ఒంట్లో సరిగా జరగడం లేదేమో. రక్తం పంపించండి. జన్యు పరీక్ష. ఇది మొదటి మాత్ర ఇవ్వక ముందే చెయ్యాల్సింది." చివరి మాట చిన్న డాక్టరుతో కాదు, తనతో తనే అనుకున్నట్టు అంది.

పది రోజులకు ఫలితం వచ్చింది. అప్పటికి జ్వరం తగ్గి ఫారాలక్క పాలు తాగగలుగుతోంది. డాక్టరమ్మ మా అందర్నీ కూర్చోబెట్టి చెప్పింది. నేను మధ్యమధ్య అడుగుతూ, షాపు భాషలోకి తిప్పి ఫారాలక్కకు చెబుతూ వచ్చాను. మనిషి ఒంట్లో ప్రతి పనికీ రాసిపెట్టిన పాఠం ఉంటుంది. అది రెండు ప్రతులు, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. ఈ మందుని విరగ్గొట్టే ఎంజైమును ఎలా తయారుచెయ్యాలో చెప్పే పాఠం ఒకటుంది. ఫారాలక్క ఒంట్లో ఒక ప్రతి బాగానే ఉంది, రెండో ప్రతిలో ఒక్కచోట అక్షరం మారింది. అందువల్ల సగం ఎంజైమే తయారవుతోంది. అందరికీ ఇచ్చే మోతాదు ఆమె రక్తంలో బయటికి పోకుండా పేరుకుపోయింది. అదే వార్డులో ఇంకొకామెకూ అవే మాత్రలు, అదే మోతాదు. ఆమె విడత పూర్తిచేసి, చెకప్‌కి వచ్చి, కిటికీ పక్కన కూర్చుని హాయిగా ఆపిల్ పండు తింటోంది.

ఫారాలక్క ఆలోచించి అడిగింది. "అంటే పుట్టినప్పట్నుంచీ ఉందా ఈ తప్పు?"

"ఉంది. కానీ ఈ మందు వెయ్యకపోతే ఎప్పటికీ తెలిసేది కాదు. దానివల్ల ఇంకే ఇబ్బందీ లేదు."

"మరి నా కొడుక్కి?"

"ఉండొచ్చు, ఉండకపోవచ్చు. సగం సగం. పరీక్ష చేద్దాం. ఉందని తేలితే కార్డు రాసిస్తాను. ఎప్పుడైనా ఈ జాతి మందు ఇవ్వాల్సి వస్తే ముందే చూపించాలి."

"మాత్రలు ఆపేస్తారా నాకు?"

మా అందరి గుండెల్లో ఉన్న ప్రశ్న అదే. ఆ కాగితం మీద మూడో వాక్యం ఇంకా అలాగే ఉంది.

"ఆపను. పూర్తిగా కోలుకున్నాక సగం మోతాదుతో మొదలుపెడతాం. మీకు సగం అంటే తక్కువ ఇస్తున్నట్టు కాదు. ఇంకొకరికి మొత్తం మోతాదు చేసే పని మీ ఒంట్లో సగమే చెయ్యగలదు. వారం వారం రక్తం చూస్తాను." ఆగి మళ్లీ అంది. "ఇంటికే ఇస్తాను మాత్రలు. పుస్తకం మాత్రం కుట్టుకుని రావాలి."

చిన్న డాక్టరు ఆ సాయంత్రం ఒంటరిగా వచ్చాడు. కాగితం తీసి, తను రాసిన మూడు వాక్యాల మీదా గీత కొట్టి, కింద వేరే ఏదో రాసి సంతకం పెట్టాడు. నన్ను పైకి చదవమని ఫారాలక్క అడిగింది. చదివాను. "మాత్రలు సూచించిన విధంగా, తప్పు లేకుండా వేసుకున్నారు. ఆధారం చూశాను." ఇంకోసారి చదవమంది. ఇంకోసారి చదివాను. అతను తల వంచుకుని, "క్షమించండమ్మా" అన్నాడు. అతన్ని ఏదో అనాలని నేను పది రోజులుగా మాటలు పోగేసుకుని ఉన్నాను. ఆమె ఆ అవకాశం ఇవ్వలేదు. "పోన్లే నాయనా. గీత కొట్టేవాళ్లు ఎంతమంది ఉంటారు? కూర్చో, ఈ పండు తిను. మావాళ్లు తెచ్చిన పళ్లు నేను తినలేను, ఈ అబ్బాయి తినడు, కోపంతో కడుపు నిండిపోయింది వీడికి" అంది. అతను కూర్చుని నిజంగానే తిన్నాడు. ఆ మనిషి మీద నా కోపం అక్కడ సగం చచ్చింది. మిగతా సగం పోవడానికి చాలా కాలం పట్టింది.

రెండో పుస్తకం కుట్టింది. రోజుకి మూడే మాత్రలు కాబట్టి ఫారాలు పల్చగా ఉండేవి. నోట్లో చిన్న పొక్కులు లేచాయి కానీ మాట ఆగలేదు. మూడో పుస్తకం, నాలుగో పుస్తకం. ప్రతి విడత అయ్యాక డాక్టరమ్మ ఆ ఖాళీ పుస్తకాన్ని అరచేతిలో పెట్టుకుని ఊపేది. "సరిపోయింది" అనేది. ఆమెకేం తెలుస్తుంది బరువు, ఊరికే అనేది. ఫారాలక్క మాత్రం ప్రతిసారీ మురిసిపోయేది. ఎనిమిది పుస్తకాలు పూర్తయ్యాయి. తొలి నీలం పుస్తకం డాక్టరమ్మ అడిగి ఉంచుకుంది. ఇప్పుడు ఆ వార్డులో ఆ మాత్ర మొదలుపెట్టే ముందు ప్రతి మనిషికీ ఆ రక్తపరీక్ష చేస్తున్నారని, కొత్తగా చేరిన డాక్టర్లకు ఆ పుస్తకం చూపిస్తారని కోడలు చెప్పింది. కొడుక్కి పరీక్షలో అదే తేడా ఉందని తేలింది. అతను ఆ కార్డుని లైసెన్సు పక్కన పెట్టుకుని తిరుగుతున్నాడు. పెళ్లాం మాట నమ్మడం కూడా కొంచెం నేర్చుకున్నాడు, రోజూ కాదు.

ఐదేళ్లయింది. ఆమె జుట్టు మళ్లీ వచ్చింది, ఈసారి ఉంగరాలు తిరిగి. స్కాన్లలో ఏమీ కనబడటం లేదు. బల్ల వెంట నడక మొదలుపెట్టింది, సగం దూరమే. మిగతా సగం ఇప్పుడు కోడలు నడుస్తుంది. అవును, కోడలు కూడా షాపులోనే చేరింది. ఇద్దరూ ఎదురెదురుగా వస్తూ మధ్యలో కలిసినచోట, "తప్పుకో అత్తయ్యా, ట్రాఫిక్ ఆగిపోయింది" అంటుంది కోడలు.

నేను షాపు మానేసి వేరే ఊళ్లో పని చూసుకున్నాను. ఒకచోట నిలవలేని బుద్ధి నాది. వెళ్లే రోజు ఆమెకు చెప్పడానికి బల్ల దగ్గరకు వెళ్లాను. ఆమెకు నేనేమీ ఇవ్వలేదు, ఆమె నాకు సగం లైబ్రరీ ఇచ్చింది. మనుషుల మీద నేను పెట్టుకున్న కోపాన్ని వినీ వినీ ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. కృతజ్ఞత చెప్పాలని వెళ్లి, బస్సు టైమయిందని మాత్రం చెప్పాను.

ఆమె బల్ల కింద నుంచి గోధుమరంగు అట్ట వేసిన లావు పుస్తకం తీసింది. నేను మధ్య ఫారం లేకుండా చదివిన ఆ కోర్టు మెట్ల నవలే. కొత్త ముద్రణ బైండింగుకి మా షాపుకే వచ్చిందట. అరచేతిలో పెట్టుకుని ఒకసారి ఊపి నాకిచ్చింది.

"ఇందులో అన్నీ ఉన్నాయి. నేనే పేర్చాను. అనుమానముంటే బస్సులో నువ్వూ లెక్కపెట్టుకో, నేనేమీ అనుకోను."